నలభై మూడో గడి

మా తోడికోడలి పేరు ఉల్‌బొల్సిన్. మగపిల్లవాడు పుట్టాలి అని దాని అర్థం. వాళ్ళ నాన్నకు వరసగా నాలుగో ఆడపిల్ల పుట్టినప్పుడు, దేవుడికి అర్జీ పెట్టుకున్నట్టు ఆ పిల్లకే ఆ పేరు పెట్టేశారు. దేవుడు అర్జీ చదివినట్టు లేదు. ఐదోది కూడా ఆడపిల్లే.

బావగారు పోయాక అక్క సారిజార్ లోయలోనే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే ఏటిలో పాతిన కొలకర్ర చూసి, నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో పుస్తకంలో రాయడం ఆమె ఉద్యోగం. పచ్చి ఇటుకల ఇల్లు, దాని పక్కన పచ్చి ఇటుకల కొట్టం, అందులో ఒక ఆవు. ఆదివారాలు మేం వెళ్తే పాల టీ పోసి, పళ్ళకి పరీక్ష పెట్టే ఎండు పెరుగు ఉండలు ముందు పెట్టి, నేను ఉద్యోగం చేస్తున్నందుకు నన్నూ, చేయనిస్తున్నందుకు మా ఆయన్నీ తీరిగ్గా దెప్పేది.

ఆ లోయలోంచి నాలుగైదేళ్ళకోసారి బురద వరద దిగి పట్నం మీద పడేది. చివరిసారి ఒక వీధి మొత్తాన్ని ఈడ్చుకుపోయింది. దాంతో పైవాళ్ళు ఒక ఉపాయం ఆలోచించారు. లోయ నడుమ ఒక కొండచరియకు సొరంగాలు తవ్వి, వాటిని మందుగుండుతో కూరి, ఒక్కసారిగా పేలిస్తే ఆ చరియ విరిగి లోయకు అడ్డంగా పడుతుంది. అదే ఆనకట్ట. సిమెంటు ఖర్చు లేదు.

చరియ పడేది బాగానే ఉంది. పేలుడికి గాలిలో లేచే అల సంగతేమిటి? కాగితాల మీద దాని పేరు ఆఘాత తరంగం. మేం అల అనేవాళ్ళం. అది లోయ వెంట దిగువకు ఎంత బలంగా వస్తుంది, ఏ ఇల్లు నిలుస్తుంది, ఏ ఇల్లు ఖాళీ చేయించాలి, ఇవి లెక్కగట్టే పని మా సంస్థకు వచ్చింది. సంస్థ అంటే పై అంతస్తులో సమీకరణాలు రాసే ముగ్గురు మగవాళ్ళు, కింది అంతస్తులో వాటిని అంకెలుగా మార్చే నలభై మంది ఆడవాళ్ళం. తలా ఒక చేతిపిడి లెక్కయంత్రం. నలభై పిడులు ఒకేసారి తిరుగుతుంటే పెనం మీద జొన్నలు పేలినట్టుండేది. ఇంటికి వెళ్ళాక కూడా నా కుడిచెయ్యి కాసేపు తిరుగుతూనే ఉండేది. పిండి కలపడానికి పనికొచ్చేది.

లెక్క పద్ధతి చెప్పడానికి తేలికే. లోయను పొడవునా వంద గడులుగా కోస్తాం. ఒక్కో గడిలో గాలి ఒత్తిడి ఎంత, ఎటు ఎంత వేగంతో కదులుతోంది, ఎంత చిక్కగా ఉంది అని ఒక అడ్డు వరసలో రాస్తాం. అది ఒక క్షణం. పక్క గడులను చూసి మరుక్షణానికి ప్రతి గడిలో ఏమవుతుందో లెక్కగట్టి కింది వరస రాస్తాం. ఇలా కొన్ని వందల వరసలు. కాగితం మీద అల ఒక గడి నుంచి ఇంకో గడికి నడుస్తుంది, మన చేతులు నొప్పి పుట్టే వేగంతో.

ప్రతి లెక్కా రెండు చేతులతో జరగాలి. ఒకే పట్టికను ఇద్దరు వేర్వేరు గదుల్లో, మాట్లాడుకోకుండా వేయాలి. చివర రెండూ కలిస్తే సరి. నాకు జోడీ ఎర్నా పిన్ని. యుద్ధకాలంలో వోల్గా ఒడ్డున ఉన్న జర్మన్లందరినీ రైలెక్కించి మా మైదానాల్లో దింపినప్పుడు దిగిన మనిషి. నాకు పని నేర్పింది ఆమే. పక్కపక్క అంకెల తేడాలు తీసి, ఆ తేడాలకు తేడాలు తీసి, వాటికి మళ్ళీ తీస్తే, పైన ఒక్క అంకె తప్పినా నాలుగో తేడాకల్లా అది గోరుచుట్టులా వాచి కనిపిస్తుంది. "గాలి గెంతదమ్మాయ్. గెంతేది నీ చెయ్యి," అనేది. పట్టిక నున్నగా ఉంటే సరి, గరుకుగా ఉంటే తప్పు. గెంతడానికి ఒక్కదానికే అనుమతి ఉండేది, అల ముందు అంచుకి. అందుకు పై అంతస్తు నుంచి ప్రత్యేకంగా తాఖీదు వచ్చింది.

అక్క ఇల్లు నలభై మూడో గడిలో పడింది. లోయ అక్కడ సన్నబడుతుంది. మా ఇద్దరికీ వచ్చిన భాగంలోనే ఆ గడి ఉంది. పట్టిక ప్రకారం అక్కడ అల ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడిలో నూటికి రెండు పాళ్ళు. రెండంటే కిటికీ మూలుగుతుంది. ఐదంటే అద్దాలు పగులుతాయి. పది దాటితే పచ్చి ఇటుకల గోడ నిలవదు. ఐదు దాటిన ఇళ్ళనే ఖాళీ చేయించాలని నిర్ణయం. మందుగుండంతా చరియను పైవైపుకు నెట్టేలా పేర్చారు కాబట్టి దిగువకు రెండు అంటే అందరికీ నమ్మబుద్ధి అయింది. నేను సంతకం చేశాను, ఎర్నా పిన్ని చేసింది. ఆ ఆదివారం అక్క దగ్గరికి వెళ్ళి, నా సంతకం వల్ల ఆమె ఇల్లు కదలక్కర్లేదని కాస్త గొప్పగానే చెప్పుకున్నాను.

తరువాతి గురువారం క్యాంటీన్‌లో సేమియా సూప్ తాగుతున్నాం. పేలుడు ఆదివారం పదకొండింటికి.

"పట్టిక పట్టుబట్టలా ఉందన్నార్ట సవేలియెవిచ్ గారు," అన్నాను. ఆయన మా విభాగం పెద్ద.

"ఒక్కచోట గరుకు తగిలింది. దిద్దాను," అంది ఎర్నా పిన్ని.

"ఎక్కడ పిన్నీ?"

"మనం మాట్లాడుకోకూడదు."

"సంతకాలు అయిపోయాయిగా. ఇప్పుడు మనిద్దరం మామూలు మనుషులం."

ఆమె రొట్టెముక్క తుంచింది. "నలభై మూడులో. రెండు వందల పన్నెండో వరస నుంచి. అంకె గెంతింది. పక్క వాటికి సరిపోయేలా లాగి రాశాను."

"నేనూ అక్కడే దిద్దాను," అన్నాను.

ఆమె ఇంకో రెండు చెంచాలు తాగింది. తరువాత తల ఎత్తకుండానే అడిగింది. "దిద్దక ముందు నీకెంత?"

"పదమూడు చిల్లర."

ఆమె చెంచా పళ్ళెంలో పెట్టింది. ఇద్దరు మనుషులు తప్పు చేయగలరు. రెండు వేర్వేరు గదుల్లో, ఒకే గడిలో, ఒకే వరసలో, ఒకే అంత తప్పు చేయలేరు. గెంతింది మా చేతులు కాదు. పైవైపు పోయిన పెద్ద అల లోయ మూసుకుపోయిన చోట కొండకు కొట్టుకుని వెనక్కి తిరిగి, మెల్లగా ఉబ్బుతూ దిగువకు వచ్చి, లోయ సన్నబడే నలభై మూడు దగ్గర గోడలా నిటారుగా లేచింది. దానికి తాఖీదు లేదు. అందుకని మేమిద్దరం, మా మానాన మేం, దాన్ని పెన్సిల్‌తో చంపేశాం. ఆ తరువాతి వరసలన్నీ చచ్చిన అంకెల మీంచి లెక్కగట్టినవే కాబట్టి చివరిదాకా నున్నగానే వచ్చాయి. పని రాని పిల్ల ఎవరైనా వేసుంటే గరుకుని అలాగే వదిలేసేది. రాని పిల్లలకి ఇలాంటి పట్టికలు ఇవ్వరు.

"సూప్ తాగు, చల్లారిపోతోంది," అంది పిన్ని.

"సవేలియెవిచ్ గారి దగ్గరికి పోదాం రా."

"నువ్వు వెళ్ళు. నేను రాను."

"అదేంటి పిన్నీ?"

"నువ్వు తప్పు చేస్తే పొరపాటంటారు. నేను చేస్తే ముందు నా ఇంటిపేరు పైకి చదువుతారు." లేచి ఇద్దరి పళ్ళేలూ తీసుకుపోయింది.

సవేలియెవిచ్ గారు చెడ్డవారు కాదు. అసలు ఏమీ కాకుండా ఉండడమే ఆయన ప్రత్యేకత. నేను చెప్పిందంతా విన్నారు.

"రెండు చేతులూ కలిశాయా లేదా?"

"కలిశాయండీ."

"కలిస్తే ఏమంటాం?"

"సరి అంటాం. కానీ ఇద్దరం ఒకేలా దిద్దడం వల్ల కలిశాయి."

"ఇద్దరూ ఒకేలా దిద్దారంటే ఆ దిద్దుబాటు సరైందనేగా?"

"అసలు దిద్దకూడదండీ."

"మళ్ళీ వేయాలంటే ఎన్నాళ్ళు?"

"ఇద్దరికీ ఆరు రోజులు."

"పేలుడు మూడు రోజుల్లో. కమిషన్ సంతకాలు పధ్నాలుగు పడ్డాయి. మీరే తీసివేత చేసి చెప్పండి, ఆ విద్య మీకొచ్చుగా." అని, నా ముఖం చూసి కాబోలు, ఫోన్ తీసి నంబరు తిప్పారు. కాసేపు చెవికి పెట్టుకుని దించేశారు. "ఎవరో మాట్లాడుతున్నారు. రేపు చూస్తాను." మరునాడు ఆయన లోయకే వెళ్ళిపోయారు, మిగతా పెద్దలతో పాటు.

నేను లెక్కయంత్రాన్ని సంచీలో అడుగున పెట్టి, పైన రెండు క్యాబేజీలు పెట్టి ఇంటికి మోసుకుపోయాను. దొంగతనమే. క్యాబేజీలు మాత్రం కొన్నవి. వంటింటి బల్ల మీద గురువారం సాయంత్రమూ, శుక్రవారమంతా తిప్పాను. ఒంట్లో బాగాలేదని కబురు పెట్టాను, అది అబద్ధం కాదు. ఒక్క చెయ్యి, రోజున్నర సమయం. అందుకని అడుగులు పెద్దవి వేశాను. మూడు క్షణాలను ఒకటిగా, రెండు గడులను ఒకటిగా కలిపేశాను. లెక్క మొరటే, కానీ పని జరిగింది. అక్క ఇంటి దగ్గర మొదట రెండు వస్తుంది. తరువాత పదమూడు వస్తుంది. రెంటికీ మధ్య తొమ్మిది సెకన్లు.

మా ఆయన జుమాదిల్ ఆ పేలుడు పనిలోనే లారీ డ్రైవరు. నెల్నాళ్ళుగా గుడారంలోనే పడక. అడుగుదామంటే మనిషి అందడు. శనివారం పట్నం నుంచి బస్సు పట్టుకుని లోయ ముఖం దాకా, అక్కడి నుంచి నడిచి అక్క ఇంటికి వెళ్ళాను.

"ఏంటే, సెలవా? ముఖం అలా పిండి జల్లినట్టుందేం?" అంది.

"అక్కా, రేపు పొద్దున్నే నాతో పట్నం రా."

"ఆవు ఈనబోతోంది."

"ఆవుని వదిలేయ్."

"నీ మొగుణ్ణి వదిలేయమంటే వదిలేస్తావా?"

"అది రోజుని బట్టి."

నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు కూర్చోబెట్టి అంతా చెప్పాను. కొండకు కొట్టుకుని అల వెనక్కి రావడం, మేం దాన్ని దిద్దేయడం, పదమూడు అంటే ఏమిటో అన్నీ. ఆమె టీలో పాలు పోస్తూ విన్నది.

"పోయిన ఆదివారం ఇక్కడే కూర్చుని రెండు అన్నావు."

"తప్పు చెప్పాను."

"సంతకం కూడా చేశానన్నావు."

"చేశాను."

"ఇవాళ పదమూడంటున్నావు. దీనికి సంతకం ఉందా?"

"లేదు. వంటింట్లో వేశాను."

"చూడు మరి. సంతకం ఉన్నప్పుడు రెండు, లేనప్పుడు పదమూడు. నేనేది నమ్మను? పోనీ నీ మాటే నమ్మాననుకో. నిండు చూలుతో ఉన్న ఆవుని పది మైళ్ళు నడిపిస్తే దారిలోనే చస్తుంది. వదిలేసి పోతే ఒంటరిగా ఈనలేక చస్తుంది. నీ రెండు లెక్కల్లోనూ ఆవు చావడం మాత్రం ఒకేలా ఉంది."

చాలాసేపు వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. ఇల్లు వదలదు. కానీ ఆ సమయానికి ఇద్దరం గోడలకు దూరంగా, పెరట్లో బయలులో నిలబడతాం. ఆవుని కూడా బయటికి తోలుదామన్నాను. ఆదివారం పొద్దున్నే అది పడుకుంది. నొప్పులు మొదలయ్యాయి. ఇద్దరం తోకా కొమ్ములూ పట్టుకుని లాగినా లేవలేదు. మమ్మల్ని చూసిన చూపు మాత్రం పై అంతస్తు వాళ్ళు చూసే చూపులాగే ఉంది.

"మొదటిది వచ్చాక తొమ్మిది లెక్కపెడతాను," అన్నాను. "తొమ్మిదికి రెండోది వస్తుంది. అది వెళ్ళేదాకా నా చెయ్యి వదలకు. ఆ తరువాత నీ ఇష్టం."

"తొమ్మిదేగా. వేళ్ళల్లో ఇంకా ఒకటి మిగుల్తుంది," అంది.

కిటికీలు తెరిచి, పదకొండుకు ముందే బయట నిలబడ్డాం. చలిగా ఉంది, ఎండ ఉంది. నా చేతిలో మా ఆయన గడియారం. ముందు పాదాల కింద నేల వణికింది. కొట్టంలో ఆవు అరిచింది. అక్క అటు కదలబోతే మోచెయ్యి పట్టుకున్నాను. ఇంకో పది పన్నెండు సెకన్లకు మొదటి అల వచ్చింది. ఎవరో పెద్ద తలుపు మెల్లగా వేసినట్టు చెవుల మీద ఒత్తిడి, తలగుడ్డ కొసలు ఎగిరాయి, కిటికీ రెక్కలు ఓసారి కొట్టుకున్నాయి. అంతే.

"ఇదేనా?" అంది అక్క. "నలభై మంది ఆడవాళ్ళు ఆర్నెల్లు పిడి తిప్పింది దీనికేనా? ఇంతకంటే మా మావగారు గట్టిగా తుమ్మేవారు."

"మూడు," అన్నాను. "నాలుగు."

ఆవు మళ్ళీ అరిచింది. ఈసారి అది వేరే అరుపు. అక్కకి తెలుసు, నాకూ తెలిసింది.

"కాళ్ళొచ్చేశాయే. వదులు."

"ఆరు. ఆగక్కా."

"దూడ ఊపిరాడక పోతుంది, వదలవే."

"ఎనిమిది."

తొమ్మిది అన్నాను. ఏమీ రాలేదు. లోయలో గాలి కూడా లేదు. నేను గడియారం వంక చూశాను, ముల్లు కదులుతూనే ఉంది. నా లెక్కలో తొమ్మిది తరువాత ఏమీ లేదు. ఒక పక్క నాకు సిగ్గేసింది. ఇంకో పక్క, ఇది చెప్పకపోతే ఈ కథ రాయడమే దండగ, కాస్త నిరుత్సాహం కూడా కలిగింది, నా పదమూడు రాలేదని. పది అనుకున్నాను. "సరే, వెళ్ళు," అని చెయ్యి వదిలేశాను.

అక్క పరుగెత్తే మనిషి కాదు. ఆరోజు పరుగెత్తింది. కొట్టం గుమ్మం అక్కడికి నాలుగడుగులే. తలవంచి లోపలికి దూరింది. అప్పుడు పదకొండో సెకను.

శబ్దం నాకు గుర్తులేదు. నేను వెల్లకిలా పడి ఉన్నాను. లేచి చూసేసరికి కొట్టం గోడ ఒకటి లేదు. కప్పు దూలాలు ఒకవైపుకు వాలి ఉన్నాయి, మట్టి ఇంకా రాలుతోంది. ఇంటి గోడ కూడా నిలువునా పగిలింది కానీ నిలబడింది. చేతులతోనే తవ్వాను. మొదట ఆవు తగిలింది. దానికి ఊపిరి లేదు. కడుపులో దూడ కాసేపు కదిలి ఆగింది. ఆవు పొట్టకీ దూలానికీ మధ్య అక్క ఉంది.

"వచ్చినట్టుందే రెండోది," అంది. తరువాత స్పృహ తప్పింది.

తుంటి ఎముక మూడు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో రెండు నెలలు పడుకోబెట్టి, ఇక నడవదని చెప్పి పంపేశారు. మా ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాం. నేను ఉద్యోగం మానేశాను. తిప్పి పడుకోబెట్టడానికి, కడగడానికి, దెప్పించుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి.

ఆనకట్ట బాగా వచ్చింది. పత్రికల్లో బొమ్మలు వేశారు. ఆ తరువాత రెండేళ్ళకు వచ్చిన బురద వరదను అది నిజంగానే ఆపింది కూడా. పట్నంలో వేలమంది పడుకుని నిద్రపోయారు. ఇది కాదనడానికి లేదు. కమిషన్ నివేదికలో అక్క సంగతి ఒక వాక్యం ఉంది. పశువుల కొట్టం దూలాలు పాతవనీ, పుచ్చినవనీ, ఆ చోట ఒత్తిడి పట్టిక ప్రకారం రెండేననీ. దూలాలు పాతవే. అంతవరకు నిజమే.

డిసెంబరులో ఎర్నా పిన్ని మా ఇంటికి వచ్చింది. మంచం పక్కన కాసేపు కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. అయినా అక్క ఆమెను కూడా దెప్పింది. పిన్ని తల ఊపింది. వెళ్ళేముందు వంటింట్లోకి వచ్చి, కోటు లోపలి నుంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఖాళీ పట్టికలు," అంది. "నలభై నుంచి అరవై దాకా, మొదటి వరస మాత్రం రాసి ఉంది. చిన్న అడుగులతో. నేను వేశాను, మూడు వారాలు పట్టింది. నా దాంట్లో ఏం వచ్చిందో నీకు చెప్పను. నీకు రెండో చెయ్యి వేసే తీరిక ఉందా?"

"ఎవరు చదువుతారు పిన్నీ?"

"ఎవరూ చదవరు. ఒక్క చెయ్యితో వేసింది లెక్క కాదు. అందుకని."

లెక్కయంత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఎవరూ అడగలేదు. మళ్ళీ సంచీలో పెట్టేసిన చోటు నుంచి అప్పటిదాకా కదల్చలేదు నేను. ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు అక్క మంచం పక్కనే కూర్చుని పిడి తిప్పాను. గడియారంలో చూసిన అంకె నా మనసులో ఉంది. లెక్కను దాని వైపుకు లాక్కోకుండా ఉండడమే అన్నిటికంటే కష్టమైంది. అంకె గెంతిన చోటల్లా నా చెయ్యి రబ్బరు వైపు పోయేది. ఆపుకున్నాను. ఫిబ్రవరిలో పూర్తయింది. సంస్థకు వెళ్ళి కిటికీ దగ్గర ఇద్దరం కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాం. చివరి అంకె దాకా కలిశాయి. ఆమె తన పేరు పూర్తిగా రాసింది, ఇంటిపేరుతో సహా, స్పష్టంగా. కింద నేను రాశాను. సవేలియెవిచ్ గారు మూడో సంతకం పెట్టి, ఏ తేదీ వేయాలో తెలియక కాసేపు ఆగి, అసలు వేయకుండానే బీరువాలో పెట్టించారు.

ఇంటికి వచ్చేసరికి అక్క మేలుకునే ఉంది.

"ఏం తేలింది?"

"పదకొండు సెకన్లు."

"రెండు చేతులకీనా?"

"రెంటికీ."

ఆమె ముఖం కిటికీ వైపు తిప్పింది. వీధిలో ఎవరో మంచు పారతో గీకుతున్నారు.

"ముందే పదకొండని చెప్పుంటే ఆగేదాన్నేమో," అంది. "తొమ్మిదిదాకా ఆగినదాన్ని."

"అవునక్కా."

"ఆగేదాన్ని కాదేమో కూడా. ఆ అరుపు నీకు గుర్తుందిగా."

గుర్తుందన్నాను. కోటు విప్పి మేకుకు తగిలించి, చేతులు పొయ్యి దగ్గర వెచ్చబెట్టుకుని, ఆమె నడుం కింద ఒక చెయ్యీ భుజం కింద ఒక చెయ్యీ వేశాను. ఎడమవైపు తిప్పే వేళయింది.